కలబంద: అపోహలు - వాస్తవాలు

"కలబంద రసం మొదలుపెట్టాక విరేచనాలు బాగా అవుతున్నాయి, ఒంట్లో విషమంతా పోతున్నట్టేగా?" అని అడగని వారం ఉండదు. కాదండీ. పోతున్నది నీళ్లు, పొటాషియం.

అపోహ: ఆకు మొత్తం మందే, మిక్సీలో వేసి తాగేయొచ్చు.

వాస్తవం: ఆకులో రెండు వేర్వేరు పదార్థాలున్నాయి. నడుమనున్న తెల్లని గుజ్జు 98 శాతానికి పైగా నీరే, ఎడారి మొక్క వానల్లేని రోజులకు దాచుకున్నది. తొక్కను ఆనుకుని పసుపుపచ్చని చేదు పాలుంటాయి. అందులోని అలోయిన్ అనే రసాయనం పెద్దపేగును రేపి విరేచనం చేయిస్తుంది. ఆ పాలు ఎండితేనే ముసాంబరం. సంప్రదాయ వైద్యంలో దాన్ని మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, గ్లాసులతో కాదు.

ఆ పాలు రోజూ కడుపులోకి వెళ్తే మెలిపెట్టే నొప్పి వస్తుంది, పొటాషియం పడిపోతుంది. డిగాక్సిన్ అనే గుండె మందు గానీ, ఒంట్లో నీరు తీసే మాత్రలు గానీ వాడేవారికి గుండె లయ తప్పే ప్రమాదముంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికే పోవద్దు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లో ఈ పాలు ఉండకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే తేల్చేసింది.

కలబందతో క్యాన్సర్ వస్తుందన్న మాట విని బెంబేలెత్తేవారికి ఒక మాట. పసుపు పాలు తొలగించని ఆకు సారాన్ని రెండేళ్లపాటు తాగించిన ఎలుకల్లో పెద్దపేగు కణితులు కనిపించిన మాట నిజమే. కొన్నాళ్లు తాగినంత మాత్రాన మీకు అదే జరుగుతుందని కాదు. మానేయండి. నీరసం, కండరాలు పట్టేయడం, గుండెదడ ఉంటే పొటాషియం పరీక్ష చేయించుకోండి.

గుజ్జు ఇలా తీయాలి: అడుగున ఉన్న ముదురు ఆకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో పావుగంట వాల్చండి. పసుపు పాలు కారుతాయి. కడిగి మొదలు, కొన, ముళ్ల అంచులు తీసేయండి. తొక్క మందంగా చెక్కాలి. పలచగా చెక్కితే పాల పొర గుజ్జుకే అంటుకుని ఉండిపోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. ముక్కలను రెండు మూడు నీళ్లలో కడిగి నాలుకకు తగిలించి చూడండి. చేదుంటే మళ్లీ కడగండి. నిలవుండి గులాబీ రంగుకు తిరిగితే పారేయండి.

మిగతావి క్లుప్తంగా. కాలగానే ముందు 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు, ఆ తర్వాతే గుజ్జు. అదీ చర్మం చిట్లని పైపై కాలిన గాయానికే. షుగర్ మాత్రలకు ఇది బదులు కాదు, మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. బట్టతల మీద జుట్టు మొలిపించదు. ఇక కలబంద అనుకుని కిత్తలి మట్ట కోసేవాళ్లూ ఉన్నారు. లోపల పీచు, కొనన గట్టి సూదిముల్లు ఉంటే అది కిత్తలే. దాని రసం తగిలితే చర్మం మండి దద్దుర్లు లేస్తాయి, వెంటనే సబ్బుతో కడిగేయండి.