సైలెన్సర్ చప్పుడు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు పీజీల్లో ఉండే మన కుర్రాళ్ల బళ్లు మా షెడ్డుకు ఎక్కువగా వస్తుంటాయి. చాలావరకు ఏపీ నంబర్లే. "సౌండ్ ఎక్కువైందన్నా, సైలెన్సర్ మార్చేయ్" అని నేరుగా అడుగుతారు. నేను మాత్రం చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూశాకే డబ్బు సంగతి మాట్లాడతాను. ఆ ఒక్క పని చేయకపోవడం వల్ల వందల్లో పోయేది వేలల్లో పోతోంది.

అపోహ: చప్పుడు పెరిగిందంటే సైలెన్సర్ పోయినట్టే

ఇంజిన్ హెడ్‌కు (ఇంజిన్ పైభాగం) బెండ్ పైపు (అక్కడి నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే వంపు పైపు) కలిసే చోట చిన్న ప్యాకింగ్ రింగు ఉంటుంది. నట్లు బిగించినప్పుడు అది నలిగి, సందు లేకుండా మూసుకుంటుంది. ఒకసారి నలిగిన రింగు రెండోసారి సరిగా కూర్చోదు. ఇంజిన్ పని కోసం పైపు విప్పి, పాత రింగుతోనే మళ్లీ బిగించేస్తే నాలుగు రోజులకే 'చఫ్ చఫ్' మొదలవుతుంది. మా దగ్గరికి వచ్చే 'సైలెన్సర్ పోయింది' కేసుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండో చోటు బెండ్ పైపు సైలెన్సర్‌లోకి దూరే జాయింట్, అక్కడి క్లాంప్. మూడోది సైలెన్సర్ అడుగున తుప్పు తిన్న చిల్లు.

వీటిని మీరే కనిపెట్టవచ్చు. పొద్దున్నే బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆరుబయట స్టార్ట్ చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. హెడ్ దగ్గర, జాయింట్ దగ్గర జానెడు దూరంలో అరచేయి పెట్టండి. లీకు ఉంటే గాలి దెబ్బలు దెబ్బలుగా తగులుతుంది. సందు చిన్నదైతే సబ్బు నీళ్లు చల్లితే నురగ పొంగుతుంది. ఇంకా తేలకపోతే, చేతికి గ్లౌజు వేసుకుని మందపాటి తడి గుడ్డతో పొగ వచ్చే చివరను రెండు మూడు సెకన్లు అదిమి పట్టండి. లీకు లేని బండి వెంటనే ఆగిపోబోతుంది. లీకున్న బండి ఆ సందులోంచి 'ఫిస్'మంటూ నడుస్తూనే ఉంటుంది. ఇదంతా మొదటి నిమిషంలోనే అయిపోవాలి. ఆ తర్వాత పైపు చేయి కాలుస్తుంది.

స్టార్ట్ చేయకుండానే కనిపించే గుర్తు కూడా ఒకటుంది. టార్చి వేసి ఫ్లాంజ్ (బెండ్ పైపును నట్లతో హెడ్‌కు బిగించే రేకు) చుట్టూ చూడండి. లీకు ఉన్న వైపు హెడ్ మీద మసి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. వేలితో తుడిస్తే నల్లగా పొడిగా అంటుకుంటుంది. ఆ మసి సన్నగా మొదలైన చోటే సందు ఉంటుంది.

ప్యాకింగ్ రింగు చాలా కమ్యూటర్ బళ్లకు వంద రూపాయల లోపే దొరుకుతుంది. కష్టమంతా నట్లు విప్పడంలోనే. అవి వేడికీ తుప్పుకీ స్టడ్‌కు (నట్టు ఎక్కే మర కడ్డీ) పట్టేసి ఉంటాయి. బలం పెట్టి తిప్పితే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. హెడ్ అల్యూమినియం, స్టడ్ స్టీలు. విరిగిన ముక్కను డ్రిల్ చేసి తీసి కొత్త మర వేయించాలంటే లేత్ షాపు ఖర్చు రింగు ధరకు ఎన్నో రెట్లు. అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టండి. పొద్దున ఇంకోసారి కొట్టి, కొంచెం వదులు, కొంచెం బిగువు, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ విప్పండి. గట్టిగా మొరాయిస్తే ఆపేసి షెడ్డుకు తీసుకురండి, వేడి చేసి తీస్తాం.

అపోహ: యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమంటే కార్బురేటర్ దోషం

కార్బురేటర్ కూడా కారణం కావచ్చు. కానీ ముందు లీకు చూడాలి. ఇంజిన్ పొగను విడతలు విడతలుగా తోస్తుంది. ఒక్కో విడత వెళ్లిన వెంటనే పైపులో ఒత్తిడి క్షణకాలం బయటి గాలి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలుకు ఆ గాలి తగలగానే పైపులోనే అంటుకుంటుంది. మీకు వినిపించే పటపట అదే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బళ్లలో నష్టం ఇంకోటి: సెన్సర్‌కు ముందు లీకుంటే అది బయటి గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోయిందని ఎయిర్ ఫిల్టర్లూ స్పార్క్ ప్లగ్గులూ మార్చుకుంటూ తిరిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: చిల్లుకు ఎం-సీల్ చాలు

ఎం-సీల్ లాంటి మామూలు ఎపాక్సీ (రెండు ముద్దలు కలిపి పూసే అతుకు మందు) ఏదైనా ఇంత వేడికి తయారైంది కాదు. హెడ్ దగ్గర పైపు వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. కొన్నాళ్లు నిలిచినట్టే కనిపించి పగుళ్లిచ్చి ఊడిపోతుంది. వెల్డింగ్‌కు వెళ్లేలోపు బండి నడపాలంటే, చిల్లు కంటే రెండంగుళాలు పెద్దగా రేకు ముక్క కత్తిరించి, పైపు చుట్టూ చుట్టి, రెండు స్టీలు హోస్ క్లాంపులతో బిగించండి. రేకు అడుగున వేడిని తట్టుకునే ఎగ్జాస్ట్ పుట్టీ రాస్తే ఇంకా మేలు.

శాశ్వత మరమ్మతు అంటే వెల్డింగే. సైలెన్సర్ రేకు చాలా పల్చన. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో ఆర్క్ వెల్డింగ్ పెట్టిస్తే ఒక చిల్లు మూయబోయి రెండు కొత్తవి పడతాయి. గ్యాస్ వెల్డింగ్‌తో ఇత్తడి అతుకు గానీ, మిగ్, టిగ్ వెల్డింగ్ గానీ చేసేవాళ్ల దగ్గరకే వెళ్లండి. తుప్పును గ్రైండ్ చేసి మంచి లోహం తేలేదాకా శుభ్రం చేయకపోతే ఏ వెల్డింగూ పట్టదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చుట్టుపక్కలంతా లోపలికి దిగిపోతుంటే ఆ సైలెన్సర్‌కు అతుకు దండగ, అప్పుడు మాత్రం మార్చుకోండి. అతుకుకు జీఐ రేకు వాడనివ్వకండి, దాని మీది జింకు కాలితే వచ్చే పొగ వెల్డర్‌కు ప్రమాదం. సైలెన్సర్‌ను బండి మీద ఉంచి వెల్డింగ్ చేయనివ్వకండి: పైన పెట్రోలు ట్యాంకు, పక్కన ఈసీయూ ఉంటాయి.

అపోహ: అడుగున ఉన్న చిన్న రంధ్రం డ్యామేజీ, మూసేయాలి

చాలా సైలెన్సర్లకు కంపెనీయే ఆ రంధ్రం పెడుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. పీజీ నుంచి ఆఫీసుకు రెండు కిలోమీటర్లు, అదీ సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వెళ్తే, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరుగా మారి అడుగున చేరుతుంది. అది కారిపోవడానికే ఆ రంధ్రం. మూసేస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టి పోతుంది. వారానికోసారైనా హోస్కోటె దాకానో, దేవనహళ్లి దాకానో ఆపకుండా నడిపితే లోపలంతా ఆరుతుంది.

అపోహ: లోపల స్టీలు పీచు కూరితే చప్పుడు తగ్గుతుంది

ఇక్కడ సైలెన్సర్ రకం తెలియాలి. కంపెనీ సైలెన్సర్లలో ఎక్కువగా గదులు, అడ్డు రేకులు ఉంటాయి. శబ్దం ఒక గది నుంచి ఇంకో గదికి మలుపులు తిరుగుతూ తనను తానే కొట్టేసుకుంటుంది. అందులో గిన్నెలు తోమే పీచు కూరితే పొగ దారి మూసుకుంటుంది, బండి లాగదు, వేడెక్కుతుంది. కొన్నాళ్లకు ఆ పీచు కాలి ముక్కలై బయటికి వస్తుంది.

బయట కొని వేసే గొట్టం సైలెన్సర్లలో చాలావాటి లోపల చిల్లుల పైపు, దాని చుట్టూ గ్లాస్ వూల్ ఉంటాయి. ఆ వూల్ వేడికి కాలి, పొగతో పాటు కొట్టుకుపోతుంది. కొన్నప్పటి కంటే ఇప్పుడు మోత పెరిగిందంటే కారణం దాదాపు అదే. రివెట్లు డ్రిల్ చేసి, చిల్లుల పైపు బయటికి లాగి, నల్లబడిన పాత వూల్ గీకేసి, కొత్తది సమంగా చుట్టి మళ్లీ రివెట్ కొట్టాలి. వదులుగా చుడితే త్వరగా పోతుంది, మరీ కుక్కితే శబ్దాన్ని పీల్చుకోదు. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి, ఆ వూల్ ఒంటికి తగిలితే రోజంతా దురద. కలాసిపాళ్యం, జేసీ రోడ్డు వైపు వెతికితే వూల్ దొరుకుతుంది. డీబీ కిల్లర్ ముక్క (సైలెన్సర్ నోట్లో పెట్టే చిన్న గొట్టం) కూడా చప్పుడు కొంత తగ్గిస్తుంది. కానీ వూల్ లేని సైలెన్సర్‌కు అదొక్కటే పెడితే చాలదు.

అపోహ: చప్పుడు పెరిగితే పికప్ పెరుగుతుంది

చెవికి అలా అనిపిస్తుంది. సైలెన్సర్ ఒక్కటే మార్చి, పెట్రోలు సెట్టింగ్ మార్చకపోతే చాలా బళ్లలో మిశ్రమం పల్చబడి, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లలో బఫిల్ (సైలెన్సర్ లోపలి చిల్లుల గొట్టం) పీకేస్తే ఈ తేడా ఇంకా స్పష్టం. వాటి పైపు ఆకారం, కొలతలే ఇంజిన్ బలంలో భాగం. టూ స్ట్రోక్‌కు నిజంగా కావలసింది బఫిల్‌కు పట్టిన కార్బన్ శుభ్రం చేయడం.

బుల్లెట్ సంగతి కూడా చెప్పాలి. 'మోత లేకపోతే బుల్లెట్ ఏంటన్నా' అంటారు. ఆ దరువు బరువైన ఫ్లైవీల్ నుంచి, నెమ్మదైన ఐడిలింగ్ నుంచి వస్తుంది. నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరిగే సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సెకనుకు ఎనిమిది సార్లు మాత్రమే పేలుతుంది, అందుకే ఒక్కో దెబ్బ విడిగా వినిపిస్తుంది. కంపెనీ సైలెన్సర్‌తోనూ ఆ లయ అలాగే ఉంటుంది.

అపోహ: మోత ఉంటే ఎదుటివాళ్లు తప్పుకుంటారు, అదే రక్షణ

పైపు నోరు వెనక్కి ఉంటుంది. మీకు ముందు, అద్దాలు మూసుకుని వెళ్తున్న కారు డ్రైవర్‌కు ఆ మోత చేరేసరికి మీరు అతని పక్కనే ఉంటారు. వినేది వెనకవాళ్లు, ఇళ్లలోవాళ్లు. కలాసిపాళ్యం పక్కనే విక్టోరియా, వాణీ విలాస్ ఆస్పత్రులున్నాయి. హోసూరు రోడ్డు మీద నిమ్‌హాన్స్ ఉంది. ఆస్పత్రుల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ హద్దు. ప్రసవమైన తల్లి గోడ అవతల పడుకుని ఉండగా ఇవతల గొట్టం సైలెన్సర్ రైజ్ చేయడం నాకు సహించదు, అలాంటి ఫిట్టింగ్ మా షెడ్డులో చేయం.

అపోహ: డీబీ కిల్లర్ ఉంటే పోలీసులు ఏమీ అనరు

కంపెనీ బండిని ఆమోదించేటప్పుడే శబ్దానికి హద్దు ఉంది: 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, ఆపైన 80 డెసిబెల్స్. డీబీ కిల్లర్ ఉన్నా సరే, మార్చిన సైలెన్సర్‌తో దాన్ని దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఏపీ నంబరైనా కర్ణాటక నంబరైనా చట్టం ఒక్కటే.

బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) బండి సైలెన్సర్ మార్చాల్సి వస్తే పాతది షాపులో వదిలేసి రాకండి. ఎగ్జాస్ట్‌లో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాలుంటాయి. చాలా మోడళ్లలో అది సైలెన్సర్‌తోనే కలిసి ఉంటుంది. దాన్ని తక్కువ ధరకు లాగేసుకునేవాళ్లున్నారు.

ప్యాకింగ్ మీరే మార్చుకుంటే రెండు నట్లనూ ఒకేసారి గట్టిగా బిగించకండి. ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ పోతే ఫ్లాంజ్ వంకర పోకుండా కూర్చుంటుంది. రెండు మూడు రోజులు నడిపాక, ఇంజిన్ పూర్తిగా చల్లారినప్పుడు ఇంకోసారి బిగువు చూడండి. కొత్త రింగు వేడికి ఇంకాస్త నలుగుతుంది కాబట్టి నట్లు కొద్దిగా తిరుగుతాయి.