మిలిటరీ నుంచి వచ్చి సర్పంచ్ అవ్వాలంటే: అపోహలు - వాస్తవాలు

ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాక, 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో అనంతపురం జిల్లాలోని మా ఊరికి సర్పంచ్‌గా గెలిచాను. పింఛనుకు దగ్గరపడిన మన ఆర్మీ కుర్రాళ్లు "అన్నా, నేనూ నిలబడతా" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: మిలిటరీ ఆయన వస్తే ఊరు ఆర్నెల్లలో దారికొస్తుంది.

వాస్తవం: యూనిట్‌లో ఆర్డర్ వేస్తే తెల్లారేసరికి పని అయిపోతుంది. ఊళ్లో నీ ఆర్డర్ ఎవరికీ పట్టదు. వార్డు మెంబర్లలో సగం మంది అవతలి వర్గం వాళ్లే ఉండొచ్చు. వాళ్లలో కొందరినైనా ఒప్పించకపోతే తీర్మానం పాస్ కాదు. గ్రామసభలో ఓ ముసలవ్వ లేచి "మా వీధికి నీళ్లెందుకు రాలేదు నాయనా" అంటే నిలబడి జవాబు చెప్పాలి. గొంతు పెంచావా, ఆ రోజుతో నీ పని అయిపోయినట్టే.

అయితే ఆర్మీ నేర్పింది ఏదీ పనికిరాదని కాదు. గార్డు రూమ్‌లో ప్రతిదీ టైముతో సహా రాసిపెట్టే అలవాటుంది చూశారూ, ఊళ్లో నాకు బాగా అక్కరకొచ్చింది అదే. ఎండాకాలం వస్తే మా బోర్లలో నీళ్లు తగ్గిపోతాయి. పైవీధికి ఎక్కువసేపు వదిలారని కిందవీధి వాళ్లు బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందుకొచ్చేవాళ్లు. ఒక రిజిస్టరు పెట్టించాను. మోటారు ఎన్నింటికి వేసింది, ఏ వాల్వు ఎప్పుడు తిప్పింది, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ అందులో రాయాలి. వాటర్‌మ్యాన్ సంతకం, పక్కనే ఆ వీధి మనిషి ఒకరి సంతకం. పుస్తకం ఎవరడిగినా చూపిస్తాం. నీళ్లు పెరగలేదు కానీ అనుమానం తగ్గింది. ఇప్పుడు కిందవీధి వాళ్లే కరెంటోళ్లకు ఫోన్ చేస్తున్నారు.

అపోహ: నిధులన్నీ సర్పంచ్ చేతిలో ఉంటాయి.

వాస్తవం: 2021-26 కాలానికి కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి వచ్చేది. మిగతా 40 శాతంలోనూ జీతాలు ఇవ్వకూడదన్నారు. బిల్లులు ఆన్‌లైన్‌లో పెట్టాక డబ్బు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు 29 అంశాలు రాశారు. వాటిలో ఎన్ని నిజంగా మన దాకా వచ్చాయో కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే.

అపోహ: మాజీ సైనికులకు సర్పంచ్ సీట్లలో కోటా ఉంటుంది.

వాస్తవం: లేదు. కోటా ఉన్నది ఉద్యోగాల్లో. పంచాయతీల్లో రిజర్వేషన్ ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు. మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలవే. సీటు మహిళలకు వచ్చిందని భార్య పేరుతో నామినేషన్ వేసి, కుర్చీలో తాము కూర్చునే మాజీ సైనికులను చూశాను. తప్పు. మనం బోర్డర్‌లో ఉన్నన్నాళ్లూ ఇల్లు, పొలం, బ్యాంకు అప్పు, పిల్లల చదువు అన్నీ చూసుకున్న మనిషి ఆమె. పంచాయతీ నడపడం ఆమెకు రాదని ఎలా అంటారు?

అపోహ: యూనిఫాం ఫొటోతో పోస్టర్ వేస్తే ఓట్లు పడతాయి.

వాస్తవం: సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. పంచాయతీ ఎన్నికకు పార్టీ గుర్తు లేకపోయినా మనమూ ఆ మర్యాద పాటించాలి. ఆ బట్టలు నీ ఒక్కడివే కాదు.

అపోహ: సర్వీసులో ఉండగానే సెలవు పెట్టి పోటీ చేయొచ్చు. గెలిస్తే పింఛను ఆగిపోతుంది.

వాస్తవం: రెండూ తప్పే. సర్వీసులో ఉన్నవాళ్లు పోటీ చేయడమే కాదు, రాజకీయ సభలకు కూడా వెళ్లకూడదు. సైనిక నియమాలు అలా ఉన్నాయి. డిశ్చార్జి అయ్యాక అడ్డు లేదు, సర్పంచ్ అయినా మన పింఛను మనకొస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. సర్వీసులో మన ఓటు సర్వీస్ ఓటర్ల జాబితాలో ఉంటుంది. ఇంటికి రాగానే అది తీయించుకుని, ఓటరు నమోదుకు పెట్టే ఫారం 6 ఇచ్చి ఊరి జాబితాలో మామూలు ఓటరుగా చేరాలి. ఆ పేరు లేకపోతే నామినేషన్ చెల్లదు. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే లాభం ఉండదు.