కన్నడ 'ఴ'కి 'ఫ' అని పేరెలా వచ్చింది?

ప్రపంచ లిపుల్లోని అక్షరాలకి కంప్యూటర్ల కోసం ఒక్కో నంబరూ పేరూ ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని కన్నడ పట్టికలో 3294 నంబరు దగ్గర 'కన్నడ లెటర్ ఫ' అని రాసి ఉంది, కానీ అక్కడున్న బొమ్మకీ 'ఫ'కీ పోలికే లేదు, ఏమిటిది అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటాను.

అది 'ఫ' కాదు, పాత కన్నడంలోని 'ఴ'. 'తమిఴ్' అనేటప్పుడు తమిళులు చివర్లో నాలుక వెనక్కి మడిచి పలుకుతారే, ఆ ధ్వని. 10వ శతాబ్దంలో పంపకవి నాటికి కన్నడంలో ఉన్నదే, తర్వాత చాలా మాటల్లో 'ళ'లో కలిసిపోయింది. తమిళంలో ఏఴు, కోఴి అన్నవి కన్నడంలో ఏళు, కోళి అయ్యాయి, మనకేమో ఏడు, కోడి. తొలి తెలుగు శాసనాల్లోనూ ఈ అక్షరం కనిపిస్తుంది.

ఇక పేరు సంగతి. యూనికోడ్‌లో మన లిపుల అమరిక భారతీయ లిపుల కోసం మన దేశంలో చేసిన 1988 నాటి ఇస్కీ ప్రమాణం నుంచి వచ్చింది. దాన్నొక అపార్ట్‌మెంటు అనుకోండి, లిపికో అంతస్తు, అంతస్తుకి 0 నుంచి 127 దాకా 128 గదులు. దేవనాగరి అంతస్తు 2304తో మొదలవుతుంది, తెలుగుది 3072తో, కన్నడది 3200తో. ఏ అంతస్తుకి వెళ్ళినా 21వ గదిలో 'క' ఉంటుంది (దేవనాగరిలో 2325, తెలుగులో 3093, కన్నడంలో 3221). 'ఴ' గది 52. తమిళంలో 2996, మలయాళంలో 3380, రెండూ 52వ గదులే. కన్నడంలో మాత్రం ఆ గది, అంటే 3252, ఖాళీ! అక్కడుండాల్సిన అక్షరం 94వ గదిలో కూర్చుంది. దేవనాగరిలో, పంజాబీ రాసే గురుముఖిలో 94వ గది ఎవరిదో తెలుసా? 'ఫ'ది, ఇంగ్లీషు ఎఫ్ ధ్వనిది. పేరు ఆ గదిని బట్టే అంటుకుందని నా నమ్మకం. అసలు కన్నడిగులు ఆ ధ్వనిని మామూలు 'ఫ' కింద రెండు చుక్కలు పెట్టి రాస్తారు, కంప్యూటర్‌లో అది 3243, 3260 అనే రెండు నంబర్ల జత.



మరి సరిదిద్దొచ్చుగా? కుదరదు. ఒకసారి ఇచ్చిన నంబరూ పేరూ మార్చబోమని యూనికోడ్ మాటిచ్చింది. బ్రాకెట్ అనే మాటలో రెండు ఇంగ్లీషు అక్షరాలు తారుమారైన పేరు కూడా ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే 'ఫ' పక్కన మూడు ఎల్‌లు, ఒక ఏ ఉన్న సరైన పేరుని అధికారిక మారుపేరుగా చేర్చారు. నాకు ఈ పట్టుదల నచ్చుతుంది. 3294 అనేది ఫైల్లో 224, 179, 158 అనే మూడు బైట్లుగా దాగి ఉంటుంది, ఇప్పుడు అక్షరాన్ని 52కి మారిస్తే పాత ఫైళ్ళలోని బైట్లు ఏ అక్షరానికీ చెందకుండా పోతాయి. పోనీ రెండు గదులూ ఇద్దామంటే ఒకే అక్షరానికి రెండు నంబర్లు, ఒకదానితో వెతికితే రెండోది దొరకదు.

తెలుగు 'ఴ'కి 2014లో, యూనికోడ్ 7.0తో, 52వ గదే దొరికింది: 3124. కన్నడం నుంచి తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ప్రతి నంబరు నుంచీ 128 తీసేస్తే చాలనుకుంటారు, చాలావరకు చాలు కూడా, కానీ 3294 నుంచి 128 తీస్తే వచ్చే 3166 మన అంతస్తులో ఖాళీ గది, కాబట్టి పాత కన్నడ కావ్యం మార్చగానే ఆ అక్షరాలన్నీ ఉత్త డబ్బాలై కనిపిస్తాయి. ఆ ఒక్క నంబరుకి మాత్రం 170 తీయాలి.