పాట వచ్చింది, అక్షరం రాలేదు: రైమ్స్ గురించి అపోహలు – వాస్తవాలు

చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడం నా పని. మొదట్లో దేవరకొండ దిక్కు ఒక తండాలో చెప్పేదాన్ని, ఇప్పుడు పాలమూరులో చెప్తున్నాను. జూన్ వచ్చిందంటే తల్లిదండ్రుల నోట ఈ మాటలే వింటాను.

అపోహ: "మా పాపకు అన్ని రైమ్స్ వస్తయి మేడం, ఇంక అక్షరాలు వచ్చినట్టే."

ఒకప్పుడు నేనూ ఇదే నమ్మాను. తొలి ఏడాది నా క్లాసులో ఒక పాప చేతులు తిప్పుతూ పదిహేను పాటలు పాడేది. డిసెంబరులో పలక మీద "బ" రాసి చూపిస్తే బిక్కమొహం వేసింది. ఆమెకు వచ్చింది పాట ఒక్కటే. "బంతిపూలు" అన్న మాట ఆమె చెవికి ఒకే ముద్దగా వినపడుతోంది. ఆ ముద్దను పాట దానంతట అది విడగొట్టదు. మనమే మధ్యలో ఆపి విడగొట్టాలి.

అందుకోసం నేను కట్టుకున్న పాట ఒకటుంది:

బర్రె వచ్చె బర్రె
బండి దిగిన బర్రె
బతుకమ్మను చూసి
బంతిపూలు మేసె

రెండు రోజులు ఊరికే పాడి నవ్వుకుంటాం. మూడో రోజు చప్పట్లు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పటిలాగే, కాకపోతే మాటలో ముక్కకొక చప్పట. తం-గే-డు మూడు, బం-తి రెండు, గు-ను-గు మూడు. తర్వాత "బండిలో మొదట ఏం వినపడ్డది?" అని అడుగుతాను. ఆ తర్వాత అల్లరి మొదలు. "బ" తీసి "గ" పెట్టమంటే బండి గండి అవుతుంది, బంతి గంతి అవుతుంది. అర్థంలేని మాట పుట్టినప్పుడే పిల్లలు బాగా నవ్వుతారు, బాగా వింటారు కూడా. ఇదంతా అయ్యాకే పలక మీద "బ" రాస్తాను. ఈ లెక్కన వారానికి ఒకటో రెండో అక్షరాలు. పక్కింటి పిల్లాడు నోటుబుక్కు నింపేస్తున్నాడని తల్లులకు టెన్షన్. నాకైతే లేదు.

అపోహ: శబ్దాల గొడవంతా ఇంగ్లిషుకే, తెలుగుకు అక్కర్లేదు.

ఇది సగం నిజం. ఇంగ్లిషులో 26 అక్షరాలకు దాదాపు 44 ధ్వనులు. డబ్ల్యూ పేరులో "వ" శబ్దమే వినపడదు. తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. మన చిక్కంతా గుణింతంలో ఉంది. "క"లో "అ" దాగి ఉంటుంది, దాన్ని తీసి "ఇ" పెడితేనే "కి". "కకు గుడిస్తే కి" అని రాగం తీసి చదివే పిల్లలను హఠాత్తుగా "మకు గుడిస్తే?" అనండి, సగం మంది ఆగిపోతారు. అందుకే నేను పాలు, పూలు, పేలు అని ఆడిస్తాను. పేలు దగ్గరికి రాగానే అందరూ తలలు గోక్కుంటారు. అచ్చు మారితే మాటే మారిపోతుందని అక్కడ తెలిసిపోతుంది.

అపోహ: అ, ఆ నుంచి వరుస తప్పకుండా నేర్పాలి.

వర్ణమాల వరుస గొప్ప ఏర్పాటే. క వర్గం గొంతు దగ్గర, ప వర్గం పెదవుల మీద పుడతాయి. నిఘంటువు చూడాలన్నా ఆ వరుస తెలియాలి. అంతమాత్రాన నాలుగేళ్ల పిల్లకు "మ" కంటే ముందు "ౠ" ఎందుకు? ముందుగా బర్రె, మక్కజొన్న, ఉల్లిగడ్డ. చార్టులో "ఓ" పక్కన ఓడ ఉంటుంది, మా పిల్లలెవరూ సముద్రం చూడలేదు. "ఊ"కు మాత్రం ఊడ ఉంది. పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి తీసుకెళ్తే చాలు (2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించి కాపాడిన చెట్టు అని చెప్తే కళ్లు పెద్దవి చేసి చూస్తారు).

తండాలో "య" నాకు పెద్ద పాఠం నేర్పింది. చార్టులో యజ్ఞం బొమ్మ. లంబాడి పిల్లలకు ఆ మాట తెలియదు, నిజానికి తెలుగే కొత్త. ఒకరోజు ఒక పిల్లాడు ఏడుస్తూ "యాడీ" అని తల్లిని పిలిచాడు. మర్నాడు యజ్ఞం మీద కాగితం అతికించి, అమ్మ బొమ్మ గీసి "యాడి" అని రాశాను. ఆ అక్షరాన్ని ఒక్కరూ మరిచిపోలేదు.

ఇంకో మాట: ప, వ, ష మూడూ ఒకే వారంలో పెట్టకండి. కంటికి ఒకే తీరుగా ఉంటాయి.

అపోహ: ఇంటి యాస వల్ల అక్షరాలు చెడిపోతాయి.

శనగలను "సెనిగలు" అన్న పిల్లకు మొదటి శబ్దం "సె" అని తెలిస్తే నా పని అయినట్టే. శ, ష, స తేడా రాతతో మెల్లగా వస్తుంది.

అపోహ: "ర" పలకకపోతే నాలుక మందం.

మూడు నాలుగేళ్లకు "ర"ను "ల" అనడం మామూలే. నేను చూసేది చెవిని. తరచూ చెవి కారే పిల్లలకు శబ్దాలు సరిగా అందవు. పాటలో వెనకబడితే మొద్దు అనుకోకుండా చెవి డాక్టరుకు చూపించండి.

అపోహ: ఫోన్‌లో రైమ్స్ పెడితే చాలు.

ఫోన్ పాడుతుంది కానీ, ఆగి "మొదట ఏం వినపడ్డది?" అని అడగదు. మా వీధిలో ఒక అవ్వ ఉంది, బడి మొహం చూడలేదు. పల్లికాయలు ఒలుస్తూ మనుమరాలిని "ప"తో మాటలు అడుగుతుంది. మాట చెప్తేనే గింజ. మొన్న ఆ పిల్ల "పరేషాన్" అని రెండు గింజలు తీసుకుంది.