పాత దుప్పటి ఉతకొద్దు

“కుక్కని ఇంక మేం ఉంచుకోలేం, తెలిసినవాళ్లకి ఇస్తున్నాం. శుభ్రంగా స్నానం చేయించి, దాని దుప్పటి ఉతికి పంపితే బాగుంటుంది కదా?” ఇలా అడిగేవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు. కానీ స్నానం వారం ముందే అయిపోవాలి, దుప్పటి అసలు ఉతక్కూడదు. కొత్త ఇంట్లో ఆ కుక్కకి తెలిసిన చోటు ఆ మాసిన దుప్పటి ఒక్కటే.

ఎందుకో తెలియాలంటే దాని ముక్కులోకి వెళ్లి చూడాలి. వాసన పట్టే కణాలు మనకి సుమారు 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్ల పైమాటే. అంకెల కన్నా ఆ ముక్కు కట్టడం ఇంకా అద్భుతం. వాసన చూసేటప్పుడు కుక్క సెకనుకి ఐదుసార్ల దాకా గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కుపుటాల పక్క చీలికల్లోంచి వెనక్కి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదరదు. లోపలికెళ్లిన గాలి రెండు దారులు పడుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకి పోతుంది. సుమారు 12 శాతం మాత్రం ముక్కు పైకప్పు వెంబడి వెనక్కి పోయి, కాగితం చుట్టల్లా ముడుచుకున్న పల్చటి ఎముకల సందుల్లో చేరుతుంది. అది వెనకదారి లేని గది. ఊపిరి వదిలినప్పుడు కూడా అక్కడి గాలి బయటికి కొట్టుకుపోదు. పైగా తడి పొరలో తేలిగ్గా కరిగే అణువులు ముందు భాగంలోనే ఆగిపోతాయి, అంతగా కరగనివి చివరిదాకా పోతాయి. అంటే ముక్కులోనే వాసన పాయలు పాయలుగా విడిపోతుంది. బడిలో “కుక్కకి ఘ్రాణశక్తి ఎక్కువ” అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఈ ఎముకల చుట్టల్ని బోర్డు మీద గీసి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు దుప్పటి సంగతి. అందులో మన చర్మం నుంచి రాలిన పొట్టు, దాన్ని తిని బతికే బాక్టీరియా వదిలిన కొవ్వు ఆమ్లాలు, కుక్క వెంట్రుకలు, దాని ఒంటి జిడ్డు అన్నీ ఉంటాయి. సబ్బు సరిగ్గా వీటినే కడిగేసి తన పరిమళం అద్దుతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం 12 కుక్కల్ని మెలకువగానే ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఐదు వాసనలు చూపించింది. తమ సొంత వాసన, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది, తెలియని మనిషిది, తెలిసిన మనిషిది. మంచి జరగబోతోందని ఎదురుచూసేటప్పుడు చురుకయ్యే మెదడు భాగం, కాడేట్, తెలిసిన మనిషి వాసనకే అన్నిటికన్నా ఎక్కువగా స్పందించింది. ఆ మనిషి అప్పుడు ఎదుట లేరు, వాసనే ఉంది.

కాబట్టి కుక్కని పంపే ముందు వాసనలు అటూ ఇటూ మారాలి. వారం పది రోజుల ముందే కొత్త ఇంటివాళ్లు రెండు మూడు రాత్రులు వేసుకుని పడుకున్న నూలు బనియను తెప్పించండి. తిండి పెట్టే ప్రతిసారీ గిన్నె పక్కన పరచండి, తినడం కాగానే తీసేయండి. రోజంతా అక్కడే పడి ఉంటే ఆ వాసనకీ తిండికీ లంకె కుదరదు. ఇటునుంచి మీరు వాడిన మూడు నూలు గుడ్డలు, దేనికది గాలి చొరని కవర్లో పెట్టి ఇవ్వండి. ఎండలో పెట్టొద్దు, తేలిగ్గా ఆవిరయ్యే అణువులు ముందే ఎగిరిపోతాయి. కొత్త ఇంటివాళ్లు మొదటి గుడ్డని కుక్క వెళ్లిన రోజున, రెండోదాన్ని నాలుగో రోజున, మూడోదాన్ని ఎనిమిదో రోజున కవర్లోంచి తీసి దాని పక్కలో వేయాలి. ఒక్క జాగ్రత్త: ఆ గుడ్డలు ప్రశాంతంగా ఉన్న రోజుల్లో వాడినవై ఉండాలి. భయపడ్డ మనుషుల చెమట వాసన చూపిస్తే కుక్కల గుండె వేగం పెరిగిందనీ, ఆందోళన లక్షణాలు ఎక్కువయ్యాయనీ 2018లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. వీడ్కోలు రోజున ఏడుస్తూ కట్టుకున్న చీర దాని పక్కలో వేయొద్దు.

కుక్క ఒక్క యజమానినే నమ్ముతుంది, చేతులు మారితే బెంగతో చచ్చిపోతుంది అన్న మాట చాలామందిని భయపెడుతుంది. అది నిజం కాదు. హంగరీ శాస్త్రవేత్తలు 2001లో ఆశ్రయ కేంద్రాల్లోని ఎదిగిన కుక్కల్ని పరీక్షించారు. ఒక కొత్త మనిషి మూడుసార్లు, సారికి పది నిమిషాల చొప్పున వాటితో గడిపితే చాలు, ఆ మనిషి పట్ల అనుబంధ లక్షణాలు కనిపించాయి. కుక్కకి కొత్త మనిషిని ఇవ్వడం కష్టం కాదు. మనిషీ, ఇల్లూ, తిండీ, పేరూ ఒకే పూట మార్చేస్తేనే కష్టం. పేరు మార్చకండి.

మొదటి మూడు రోజులు గడ్డుకాలం. ఆశ్రయ కేంద్రాలకు వచ్చిన కుక్కల రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఆ మూడు రోజుల్లోనే ఎక్కువ. ఒత్తిడికి పెద్దపేగు కదలిక పెరిగి విరేచనాలవుతాయి. అదే సమయంలో తిండి కూడా మారిస్తే తప్పు దేనిదో తెలియదు. రోజుకి 300 గ్రాములు తినే కుక్కైతే మూడు రోజులు మొత్తం పాత తిండే పెట్టాలి. తర్వాత రెండేసి రోజుల చొప్పున పాతది 225 కొత్తది 75, ఆపైన సగం సగం, ఆపైన 75, 225. ఎదిగిన కుక్క రెండు రోజులు దాటి ముద్ద ముట్టకపోయినా, ఒక రోజంతా నీళ్లు తాగకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

పారిపోయేదీ ఎక్కువగా ఈ రోజుల్లోనే. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే బెల్టు తలమీంచి జారిపోతుంది. మెడకీ బెల్టుకీ మధ్య రెండు వేళ్లే పట్టాలి. ఛాతీకి వేసే పట్టీకి ఒక తాడు, మెడ బెల్టుకి ఇంకో తాడు కట్టి రెండూ చేతికి చుట్టుకోవాలి.

ఇచ్చేటప్పుడు టీకాల కార్డుతో పాటు దాని చెడ్డ అలవాట్లు కూడా రాసివ్వండి. “గిన్నె దగ్గరికి చెయ్యి పోతే గుర్రుమంటుంది”, “చిన్నపిల్లాణ్ణి ఒకసారి కరిచింది” లాంటివి దాచితే కొత్త ఇంట్లో ఇంకొకరిని కరుస్తుంది, ఆపైన ఆ కుక్కని ఇంకెవరూ తీసుకోరు. కుదరకపోతే వీధిలో వదలకుండా మీకే తిరిగి అప్పగించాలని కాగితం మీద రాయించుకోండి. కుక్క చర్మం కింద గుర్తింపు కోసం పెట్టే మైక్రోచిప్ ఉంటే దాని 15 అంకెల నంబరు ఎదుట నమోదైన ఫోను నంబరు మార్పించండి. చిప్‌లో ఉండేది నంబరొక్కటే, చిరునామా ఉండదు. నమోదు మార్చకపోతే కుక్క తప్పిపోయిన రోజున ఫోను మీకే వస్తుంది, దాన్ని వెతుక్కుంటున్న వాళ్లకి రాదు.