తండ్రికి దివ్యాంగ పింఛను వస్తుంటే పిల్లల మనోవర్తి బకాయి వసూలు కాదా? అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో మనోవర్తి (భార్యాబిడ్డల పోషణకు కోర్టు ఇప్పించే నెలవారీ సొమ్ము) కేసులు చూసే న్యాయవాదిగా నేను తరచుగా వినే మాట ఇది: "ఆయనకు సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ వచ్చిందండీ, పింఛను కూడా ఇస్తున్నారు, ఇంక పిల్లల డబ్బు అడగడానికి లేదట కదా?" ఈ మాట నమ్మి ఊరుకున్న తల్లులు చట్టం ఇచ్చిన గడువును చేజేతులా పోగొట్టుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

అపోహ: పింఛను మంజూరైతే మనోవర్తి ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది.

వాస్తవం: రద్దు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, లేదా అంతకుముందు అమల్లో ఉన్న నేర విచారణ స్మృతి (సిఆర్‌పిసి) 125వ సెక్షన్ కింద వచ్చిన ఉత్తర్వును మళ్లీ కోర్టే మార్చాలి. అందుకు తండ్రి 146వ సెక్షన్ కింద పిటిషన్ వేసి, మారిన పరిస్థితిని నిరూపించాలి. ప్రమాదంలో కాలు పోయి సంపాదన నిజంగా పడిపోయిన వ్యక్తికి ఆ పిటిషనే రక్షణ. అది వేయకుండా చెల్లింపు ఆపేస్తే, ఆపిన ప్రతి నెలా బకాయిగా పేరుకుంటూనే ఉంటుంది.

అపోహ: ఆ పింఛనునే నేరుగా జప్తు చేయించవచ్చు.

వాస్తవం: ఇక్కడ తల్లులకు నచ్చని సంగతి చెప్పక తప్పదు. 1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షన్, గత సేవలకు గాని, అశక్తత కారణంగా గాని ప్రభుత్వం ఇచ్చే పింఛనును కోర్టు జప్తు నుంచి కాపాడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా ప్రభుత్వ పింఛనుదారులకు ఇటువంటి రక్షణే ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ. 6,000, పూర్తిగా మంచం పట్టినవారికి రూ. 15,000 సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు. ఆ సొమ్ము మీద ఆశ పెట్టుకుని కేసు నడపవద్దని నా సలహా. ఉద్యోగం చేసి రిటైరైనవారికి వచ్చే సర్వీసు పింఛను విషయం కొంత వేరు. భార్యాబిడ్డలు అప్పులవాళ్ల వంటివారు కారన్న దృష్టితో కొన్ని హైకోర్టులు మనోవర్తికి దాని నుంచి వసూలును అనుమతించాయి కనుక, అక్కడ వాదనకు చోటుంది.

పింఛనుకు రక్షణ ఉన్నంత మాత్రాన మిగతా ఆస్తికి రక్షణ ఉండదు. గాజువాకలో అద్దెకిచ్చిన పోర్షను, తాను నడపలేక వేరొకరికి రోజు కిరాయికి ఇచ్చిన ఆటో, బ్యాంకులో డిపాజిట్లు వెతికితే బయటపడతాయి. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. అందులో ఆటో ఆర్‌సి ఎవరి పేరున ఉందో, అద్దె ఏ ఖాతాలో పడుతోందో అడిగి రాబట్టాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగిని ఆ కారణంతో తొలగించరాదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అంటే అతని జీతం కొనసాగుతుంది. మామూలు అప్పు డిక్రీలో జీతానికి ఎక్కువ రక్షణ ఉంటుంది గాని, మనోవర్తి డిక్రీ అమలులో రక్షణ మూడో వంతుకే పరిమితం. మన ఊళ్లో పోర్టు, స్టీలు ప్లాంటు కుటుంబాలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

అపోహ: బకాయి ఎన్నేళ్లదైనా ఒకేసారి వారెంటుతో (వసూలుకు కోర్టు ఇచ్చే ఆదేశంతో) రాబట్టుకోవచ్చు.

వాస్తవం: సొమ్ము బాకీపడిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేస్తేనే వారెంటు వస్తుంది. నెలకు రూ. 5,000 చొప్పున 30 నెలలు రాకపోతే బకాయి రూ. 1,50,000. మొదటి పిటిషన్ ఈ రోజు వేస్తే వారెంటు దారిలో దక్కేది చివరి 12 నెలల రూ. 60,000 మాత్రమే. మిగిలిన సొమ్ము మీద హక్కు పోదని, దానికి సివిల్ చర్య మిగిలే ఉంటుందని పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ దారి పొడవైనది. పిటిషన్ నడుస్తుండగా పడే బకాయిలను అందులోనే కోరవచ్చు.

పిటిషన్‌తో పాటు నెల, రావలసినది, వచ్చినది, వచ్చిన తేదీ, మిగిలినది అని ఐదు గళ్ల పట్టిక రాసి, పాస్‌బుక్ నకలు జతచేయండి. తండ్రి "స్కూలు ఫీజు" అని రాసి ఫోన్‌పేలో పంపిన రూ. 1,500 మనోవర్తి కిందకు వస్తుందా రాదా అన్న ఒక్క గొడవతో వాయిదాలు గడిచిపోతాయి. అటువంటి మొత్తాలను దాచకుండా పట్టికలో చూపించి, పక్కన వివరణ రాయడం మంచిది.

అపోహ: జైలుకు వెళ్లొస్తే బాకీ చెల్లిపోతుంది.

వాస్తవం: చెల్లదు. జైలు వసూలుకు ఒక సాధనమేనని కుల్‌దీప్ కౌర్ కేసులో 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తగిన కారణం లేకుండా ఎగవేసినవారికే ఆ శిక్ష; నిజంగా చేతకాని స్థితిలో ఉన్న మనిషిని జైలుకు పంపించమని పట్టుబట్టడం పిల్లలకు ఏ మేలూ చేయదు.

అమెరికా బంధువుల మాటలు విని పొరబడేవారూ ఉన్నారు. అక్కడ పనిచేసిన కాలపు జమల ఆధారంగా వచ్చే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ నుంచి పిల్లల భరణానికి కోత వేయవచ్చు, పేదరికం ఆధారంగా ఇచ్చే ఎస్ఎస్ఐ నుంచి వేయకూడదు. ఆ నియమాలు ఇక్కడ వర్తించవు.

తండ్రి శ్రీకాకుళానికో విజయనగరానికో మకాం మార్చినా ఉత్తర్వు నకలుతో 147వ సెక్షన్ కింద అక్కడి కోర్టులోనే అమలు కోరవచ్చు. ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. దివ్యాంగుడైన తండ్రికీ అదే హక్కు ఉంది.