మంచు కట్టినా గది చల్లబడని ఏసీ

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: ‘ఏసీ రాత్రంతా ఆడినా గది చల్లబడదు, మూత తీస్తే లోపలి కాయిల్ నిండా మంచు. అంత చల్లగా ఉన్న యంత్రం గదినెందుకు చల్లబరచలేకపోతోంది?’ మా భౌతికశాస్త్రం పాఠాల్లో ఇలాంటి ప్రశ్న ఒక్కటి ఉన్నా తరగతి నిద్రపోయేది కాదు.

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక పీడనం పెరుగుతుంది కనుక నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఏసీ కాయిల్‌లోనూ మరగడమే జరుగుతుంది. ఇప్పటి చాలా ఏసీల గొట్టాల్లో తిరుగుతూ చల్లబరిచే ఆర్-32 అనే వాయువు (మెకానిక్‌లు ‘గ్యాసు’ అనేది దీన్నే) మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 52 డిగ్రీలకు, దానికి 8 రెట్ల పీడనంలో సున్నాకు, సుమారు 11 రెట్లలో 10 డిగ్రీలకు మరుగుతుంది. ఇక్కడ పొయ్యి మన గది గాలే. పుట్టిన ఆవిరిని కంప్రెసర్ ఎప్పటికప్పుడు లాగేస్తుంటుంది. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే పొయ్యి సన్నగిల్లినట్టే: ఆవిరి తక్కువ పుడుతుంది, లాగడం మాత్రం ఆగదు, పీడనం పడిపోయి మరిగే ఉష్ణోగ్రత సున్నా కిందికి జారుతుంది. కృష్ణ ఒడ్డు గాలిలోని తేమ అప్పుడు నీరై కారిపోకుండా అల్యూమినియం రేకుల మధ్యే గడ్డకడుతుంది. ఆ గడ్డ గాలికి దారి మూసేస్తుంది, పొయ్యి ఇంకా సన్నగిల్లుతుంది, మంచు ఇంకా పెరుగుతుంది.

గ్యాసు తగ్గినా పీడనం పడిపోతుంది, కానీ గుర్తు వేరు. కుక్కర్‌లో గుక్కెడు నీళ్లే ఉన్నట్టు, ఉన్న కొద్ది ద్రవం కాయిల్ మొదట్లోనే మరిగిపోతుంది కాబట్టి మంచు సన్నని రాగి గొట్టం దగ్గర, కాయిల్ మొదటి భాగంలో మాత్రమే కనిపించి, మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది. ఫిల్టరు దోషమైతే మంచు సాధారణంగా కాయిల్ అంతా పరుచుకుంటుంది.

అందువల్ల ముందు కూలింగ్ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో మంచు పూర్తిగా కరగనిచ్చి, ఫిల్టరు కడిగి ఆరబెట్టి, మళ్లీ నడిపి చూడాలి. కరిగేటప్పుడు గోడ మీదికి కారే నీటిని చూసి డ్రెయిన్ పైపును అనుమానించనక్కరలేదు. ‘ఏటా వేసవికి ముందు గ్యాసు కొట్టించాలి’ అనే మాట మాత్రం, దిష్టి తీయించడం వంటి నమ్మకమే. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. గొట్టాలు బిగించిన ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక ఉందేమో చూడమని మెకానిక్‌కు చెప్పండి. గొట్టాల్లో నైట్రోజన్ పీడనం పెట్టి, సబ్బు నురుగుతో లీకు పట్టుకుని, బాగుచేసి, వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగేశాక, యంత్రం మీది చీటీలో రాసి ఉన్న బరువు ప్రకారం, గ్యాసును త్రాసు మీద తూచి ఎక్కించాలి.

మంచు లేకుండానే చల్లదనం తగ్గితే బయటి యూనిట్ వైపు చూడాలి. అక్కడ ఫ్యాను తిరగకుండా హూమ్‌మంటూ ఉంటే తరచు కెపాసిటరే (మోటారు తిరగడానికి తోడ్పడే, విద్యుదావేశాన్ని నిల్వ చేసే భాగం) పాడై ఉంటుంది. కరెంటు ఆపాక కూడా దానిలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది కనుక బయటి యూనిట్ మూత తీయడం మెకానిక్‌కే వదిలేయండి.